మిరప నారు మధ్యాహ్నానికి తల వేలాడేస్తోంది, ఏం చెయ్యమంటారు?

అమలాపురం అబ్బాయి, ఫ్రిస్కో:

అందరికీ నమస్కారమండి. టెక్సాస్ వచ్చి మూడు నెలలైంది. మార్చి నెలాఖరున వంటింటి కిటికీ దగ్గర చిన్న కప్పుల్లో మిరప, వంగ విత్తనాలు వేశాను. బాగానే మొలిచాయి. మొన్న శనివారం అన్నింటినీ నల్ల ప్లాస్టిక్ కుండీల్లోకి మార్చి పడమటి వైపు పేషియోలో, అంటే ఇంటి బయట సిమెంటు అరుగు మీద, పెట్టాను. ఆదివారం మధ్యాహ్నానికల్లా అన్నీ తల వేలాడేశాయి. అప్పట్నుంచి మూడు పూటలా నీళ్ళు పోస్తున్నాను. ఇప్పుడు పై ఆకులు తెల్లగా కాలినట్టున్నాయి, కింది ఆకులు పసుపెక్కుతున్నాయి. రెండు మొక్కలైతే మొదలు దగ్గర సన్నబడి పడిపోయాయి. ఊళ్ళో మా నానమ్మ పెరట్లో ఎవరూ పట్టించుకోకపోయినా కాసేవి. టెన్షన్‌గా ఉందండి, నవ్వకండి.

తణుకు అన్నయ్య, హ్యూస్టన్:

నీళ్ళు చాలట్లేదు తమ్ముడూ. ఎండలు ముదిరాయి కదా, నాలుగు పూటలా పొయ్యి.

కడియం ఆడపడుచు, డాలస్:

అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి, ఆ నాలుగో పూట పోస్తే మిగిలినవి కూడా పోతాయి. తమ్ముడూ, ముందు ఆ చెంబు పక్కన పెట్టు.

నేనిప్పుడు సెలవులకి అమ్మ దగ్గర, కడియపులంక పక్కనే ఉన్నాను. రోహిణి కార్తె. కాలువలు కట్టేశారు, గాలి కూడా కదలట్లేదు. నీ మెసేజ్ చూసి పొద్దున్నే నర్సరీకి వెళ్ళాను. మొక్కలన్నీ ఆకుపచ్చ నెట్ కిందే ఉన్నాయి. అక్కడ నీళ్ళు పట్టే ఒకావిడ పైపు పట్టుకునే ముందు ఒక్కో వరసలో రెండు మూడు కవర్లు చేత్తో ఎత్తి చూస్తోంది. తేలిగ్గా ఉంటే పోస్తుంది, బరువుగా ఉంటే ఆ వరస వదిలేస్తుంది. "పైన మట్టి ఎండినట్టే ఉంటాదమ్మా, అడుగున నీరుంటాది" అంది. నీకు కావలసిన మాట అదే. కుండీ ఎత్తి చూడు. లేకపోతే వేలు రెండో కణుపు దాకా మట్టిలో దించు. చల్లగా, తడిగా తగిలితే పొయ్యకు.

తప్పు నీది కూడా కాదులే. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి మన డెల్టా వాళ్ళకి మొక్క వాడిందంటే మడికి నీళ్ళు పెట్టడమే తెలుసు. ఆ చెయ్యి ఊరుకోదు. నేనూ మొదటి ఏడాది అలాగే ఇరవై వంగ మొక్కల్ని ముంచి చంపాను. మా ఆయన ఇప్పటికీ ఎత్తి చూపిస్తాడు.

మిట్ట మధ్యాహ్నం లేత మొక్క తల వాల్చిందంటే దాహమేస్తోందని కాదు. ఆకుల్లోంచి నీరు పోయినంత వేగంగా వేరు లాగలేకపోతోంది, అంతే. పొద్దు వాలాక తేరుకుంటే భయం లేదు. తెల్లవారుజామున కూడా వడలిపోయి ఉంటే అప్పుడు చూడాలి. మట్టి పొడిగా ఉంటే నీళ్ళు కావాలి, తడిగా ఉంటే వేరు ఊపిరాడక కుళ్ళుతోందన్నమాట. రెండోదానికి నీళ్ళు పోస్తే ఇంకా చెడుతుంది.

నువ్వు చెప్పినవి మూడూ మూడు వేర్వేరు జబ్బులు. తెల్ల మచ్చలు ఎండ దెబ్బ. కిటికీ అద్దం వెనక పెరిగిన ఆకు నేరుగా ఎండ చూడలేదు, ఒక్క రోజులో పడమటెండలో పెడితే కాలదా మరి? ఆ ఆకులు మళ్ళీ పచ్చబడవు, కానీ చిగురు పచ్చగా ఉంటే మొక్క బతికినట్టే. కింది ఆకులు పసుపెక్కడం చాలావరకు నీళ్ళెక్కువై. మొదలు దగ్గర సన్నబడి పడిపోయినవి నారుకుళ్ళు. అవి ఇక లేవవు. మట్టితో సహా తీసి చెత్తలో వెయ్యి, ఆ మట్టి వేరే కుండీలో కలపకు.

ఇవాళే చెయ్యవలసింది, కుండీలన్నీ తూర్పు వైపుకి మార్చు. పొద్దుటి ఎండ గంటో రెండు గంటలో తగిలి, ఆ తర్వాత గోడ నీడ పడాలి. రోజుకో గంట చొప్పున పెంచుకుంటూ పో, వారం పది రోజుల్లో గట్టిపడతాయి. ఊళ్ళో అయితే నాలుగు కర్రలు పాతి పచ్చి కొబ్బరి మట్టలు కప్పేవాళ్ళం. అక్కడ మట్టలెక్కడివి? గార్డెన్ షాపులో సగం ఎండ ఆపే షేడ్ క్లాత్ దొరుకుతుంది. అందాకా పాత కాటన్ చీర, తెల్ల దుప్పటి ఏదైనా మొక్కకి తగలకుండా ఎత్తుగా కట్టు. ప్లాస్టిక్ షీటు మాత్రం వద్దు, లోపల ఉడికిపోతాయి.

సిమెంటు నేల మీద నల్ల కుండీ అంటే పెనం మీద పెట్టినట్టే. వేరు కాగిపోతుంది. కింద చెక్క ముక్కో ఇటుకలో పెట్టు, ఒక్కో నల్ల కుండీనీ పెద్ద మట్టి కుండీలో దించు. అడుగున పళ్ళెం ఉంటే తీసెయ్.

నీళ్ళు పొద్దున్నే, ఒక్కసారి, అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పొయ్యి. మూడు పూటలా చెంబెడు చల్లడం కంటే అది మేలు. రాత్రంతా మొదలు తడిగా ఉంటే నారుకుళ్ళు మళ్ళీ వస్తుంది, అందుకే సాయంత్రం వద్దంటున్నాను. ఇంకో సంగతి, ఎండలో పడున్న హోస్ పైపులో మొదట వచ్చేవి మరిగిన నీళ్ళు. అవి గడ్డి మీద వదిలేసి, చేతికి చల్లగా తగిలాక మొక్కకి పట్టు. ఎరువు ఊసెత్తకు, కొత్త ఆకు వచ్చేదాకా ఏదీ వెయ్యకు.

తణుకు అన్నయ్య, హ్యూస్టన్:

ఆయ్, ఒప్పుకున్నానండి. మా బెండ మొక్కలు ఎందుకు పోయాయో ఇప్పుడు తెలిసింది.

అమలాపురం అబ్బాయి, ఫ్రిస్కో:

అక్కా, చెప్పినట్టే తూర్పుకి మార్చి పాత పంచె కట్టాను. నాలుగు రోజులైంది. ఇంకొకటి పోయింది గానీ తొమ్మిది బతికాయి, ఆరింటికి చిగురు కనిపిస్తోంది. వీటిని నేలలోకి ఎప్పుడు మార్చాలి? టమాటా, గోంగూర కూడా వేసుకోవచ్చా? మీరు వచ్చేటప్పుడు ఊరి గోంగూర విత్తనాలు కాసిని తెస్తారా?

కడియం ఆడపడుచు, డాలస్:

సంతోషం తమ్ముడూ. రోజంతా ఎండలో ఉన్నా సాయంత్రానికి నిటారుగా నిలబడుతుంటే అప్పుడు మార్చు, అదీ పొద్దు వాలాక. అక్కడిది మన ఒండ్రు నేల కాదు, నల్లరేగడి లాంటిది. తడిస్తే జిగురు, ఎండితే నెర్రెలు. కంపోస్టు కలిపి జానెడు ఎత్తు బోదె కట్టి నాటు. మొక్క చుట్టూ ఎండు గడ్డి పరుచు, మొదలుకి మాత్రం ఆనించకు.

టమాటా ఇప్పుడు మొదలుపెట్టకు. పూత వచ్చేసరికి రాత్రిళ్ళు కూడా 75 ఫారన్‌హీట్ (మన లెక్కలో 24 డిగ్రీలు) దిగవు, పూత నిలవదు. గోంగూరకి ఆ ఎండే ఇష్టం, నేరుగా నేలలో చల్లెయ్.

విత్తనాలు మాత్రం తేలేను. ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే పురుగూ తెగులూ లేవని ప్రభుత్వం ఇచ్చే కాగితం, లేకుండా విత్తనాలు అమెరికాలోకి రానివ్వరు, సూట్‌కేసులో దాచి చెప్పకపోతే జరిమానా. అక్కడే కొనుక్కో. ఆత్రేయపురం వెళ్తున్నా, నీకో డబ్బా పూతరేకులు తెస్తాను.