కోతుల కోసం కొన్న ఎయిర్ గన్ – మనుమడికి షూటింగ్ నేర్పొచ్చా?

పరకాల తాత:

అందరికి నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. కోతుల బాధ అందరికి తెల్సిందే కదా, మక్క చేను మిగలది, జామచెట్టు మిగలది, ఇంట్లకొచ్చి అన్నం గిన్నె ఎత్కపోతయి. పటాకులు కొనీ కొనీ యాష్టకొచ్చి మూడేండ్ల కింద ఒక ఎయిర్ గన్ తెచ్చిన, బ్యారెల్ విరిచి గుండు పెట్టే స్ప్రింగ్ రకం, గొట్టం లోపలి వెడల్పు 0.177 అంగుళం. కోతులను కొట్ట, వంటింటి రేకుల మీద ఒకటి పేలిస్తే ఆ సప్పుడుకే ఉరుకుతయి.

ఇప్పుడు సంగతేందంటే ఎండకాలం సెలవులకు కొడుకు పిల్లలు హైదరాబాద్ నుంచి వస్తున్నరు. మనుమనికి 11 ఏండ్లు, మనుమరాలికి 8. వాడు ఫోన్‌ల పారిస్ ఒలింపిక్స్ షూటింగ్ వీడియోలు చూసి చూసి, తాతా నీ దగ్గర గన్ ఉన్నది కదా నాకు నేర్పు అని రోజు ఫోన్. కోడలు వద్దే వద్దంటది. కొడుకేమో "నీ ఇష్టం బాపు" అని తప్పించుకున్నడు. నేను హనుమకొండల డిగ్రీ చదివినప్పుడు ఎన్‌సీసీల 0.22 రైఫిల్ కాల్చిన, పండుకొని, ఐదు రౌండ్లు, అది 40 ఏండ్ల ముచ్చట. పిల్లలకు నేర్పుడు ఎట్లనో తెల్వది. ఏ వయసుల మొదలు పెట్టాలె, లైసెన్స్ లాంటిది ఏమన్న కావాల్నా, ఇంటికాడనే నేర్పొచ్చా లేకపోతె ఇది మన పని కాదా, తెల్సినోళ్ళు జర చెప్పుండ్రి.

కాజీపేట రైఫిల్:

నమస్తే కాకా. నేను ఎన్‌సీసీల మొదలుపెట్టి తర్వాత పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కొన్నేండ్లు ఆడిన, ఇప్పుడు మా అక్క పిల్లలకు నేర్పుతున్న.

లైసెన్స్ ముచ్చట ముందు చెప్పేస్త. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 0.177 దాటకుండ, శక్తి 20 జౌల్స్ లోపు ఉంటే ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర లేదు. అట్లని అది బొమ్మ అనుకోవద్దు. పోటీలల్ల వాడే రైఫిల్‌దే 7.5 జౌల్స్ అటు ఇటు ఉంటది, మీ కోతుల గన్ దానికి డబల్ ఉండొచ్చు. దగ్గర నుంచి తగిలితే తోలు చీరి లోపలికి పోతది.

వయసంటే, 11 ఏండ్లు మంచి వయసే. కాని నేను ఏండ్లు లెక్కవెట్ట, ఒకటి చూస్త. పోరడు క్రికెట్ ఆడుకుంట బాల్ ఎంబడి ఉరుకుతున్నప్పుడు వెనక నుంచి "ఆగు" అని ఒక్కసారి అనుండ్రి. ఒక్కసారికే ఆగితే రేపటి నుంచి మొదలు పెట్టొచ్చు. మూడుసార్లు పిలవాల్సి వస్తే ఈ ఎండకాలం వద్దు, వచ్చే ఎండకాలం చూద్దాం. 8 ఏండ్ల పాపను పక్కన కూసోవెట్టుకోండ్రి, రైఫిల్ బరువు దాదాపు మూడు కిలోలు ఉంటది, ఆమె పట్టుకొని నిలబడలేదు. ఇసుక సంచి మీద ఆనించి మీరు పట్టుకుంటే రెండు మూడు గుండ్లు కాల్వొచ్చు.

మొదటి రెండు మూడు రోజులు గుండ్లు బయటికే తియ్యొద్దు. ఖాళీ గన్‌తోని పట్టుకునుడు, మూతి ఎటున్నదో చూసుకునుడు, వేలు ట్రిగ్గర్ మీద కాకుండ పక్కన చెక్క మీద పెట్టుడు, ఇవే. స్ప్రింగ్ గన్‌ను గుండు లేకుండ ట్రిగ్గర్ నొక్కితే లోపల పిస్టన్ పాడైతది, అందుకని ఖాళీ గన్‌కు స్ప్రింగ్ ఎక్కియ్యొద్దు, ట్రిగ్గర్ ముట్టొద్దు. పిల్లలకు బోర్ కొడ్తది, కొట్టనియ్యుండ్రి.

బ్యారెల్ విరుచుడు మాత్రం మీరే చెయ్యాలె, పిల్లలతోని చేయించొద్దు. ఇది నా అనుభవం. తొమ్మిదో తరగతిల దోస్తు వాళ్ళింట్ల ఇట్లాంటిదే గన్, నేను బ్యారెల్ కిందికి గుంజి గుండు పెడుతున్న, వాడు పక్కన నిలబడి ఊకనే ట్రిగ్గర్ ముట్టిండు. బ్యారెల్ ఎగిరి మీదికొచ్చి మూసుకున్నది, నా ఎడమ చేతి బొటనవేలు మధ్యల. ఇప్పటికి ఆ గోరు వంకరగనే పెరుగుతది. గుండు పెట్టి బ్యారెల్ మూసేదాక ఒక చెయ్యి బ్యారెల్ వదలొద్దు, ట్రిగ్గర్ దగ్గర ఎవ్వరి వేలు ఉండొద్దు.

ఇగ జాగ. బాయికాడ మట్టి కట్ట ఉంటే దాని ముంగట, లేకపోతె ఖాళీ యూరియా సంచులల్ల ఇసుక నింపి మూడు వరుసలు పేర్చుండ్రి, మనిషి ఎత్తు. గడ్డివాము పనికిరాదు, లోపలి నుంచి దూసుకొని అవతలికి పోవచ్చు. చెట్టు మొద్దు, రాతి గోడ అసలే వద్దు, గుండు తిరిగొస్తది. మీరు రేకుల మీద పేలుస్తున్న అన్నరు కదా, అది కూడ బంద్ పెట్టుండ్రి కాకా, రేకు మీద జారిన గుండు ఎటు పోతదో దేవునికే ఎరుక.

టార్గెట్‌కు పాత పెండ్లి కార్డులు బాగుంటయి. మందం కాగితం కాబట్టి బొక్క గుండ్రంగ పడ్తది, సన్న కాగితమైతే చినుగుతది, ఎక్కడ తాకిందో అర్థం కాదు. మొదలు ఐదారు మీటర్ల దూరం పెట్టి, గ్లాసు మూతంత నల్ల గుండ్రం గీయుండ్రి. పది మీటర్ల దాక తర్వాత పోవచ్చు. పోటీల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌ల పది పాయింట్ల చుక్క 0.5 మిల్లీమీటర్లు, గుండేమో 4.5. పెన్ను మొన పెట్టినంత చుక్కన్నట్టు. ఇది పోరనికి చెప్తే రెండు రోజులు దాని గురించే మాట్లాడ్తడు.

నిలబడే కాడ ముగ్గుపిండితోని ఒక గీత గియ్యుండ్రి. గన్ కింద పెట్టి, బ్యారెల్ విరిచి ఉన్నట్టు అందరు చూసినంకనే గీత దాటాలె, మీతో సహా. షూటింగ్ నేర్పే రేంజ్‌లల్ల లోడ్, స్టార్ట్, స్టాప్, అన్‌లోడ్ అని నాలుగు మాటలుంటయి, అవే వాడుండ్రి. "స్టాప్" అనే హక్కు అందరికి ఉండాలె, 8 ఏండ్ల పాపకు గూడ.

గులేరు వీరుడు:

ఏందన్నా ఇంత లెక్క. మా చిన్నప్పుడు గులేరు జేబుల పెట్టుకొని చెల్కలల్ల తిరిగినం, ఎవ్వలు నేర్పిండ్రు, ఎవ్వలు గీతలు గీసిండ్రు. జాతరల బెలూన్ల షూటింగ్ దుకాణంల ఐదేండ్ల పోరలు గూడ కాలుస్తరు. పోరనికి గన్ ఇయ్యి కాకా, కోతులు గూడ పోతయి, వానికి గురి గూడ వస్తది, రెండు పనులు ఒక్కసారికే.

కాజీపేట రైఫిల్:

గులేరు అన్నా, జాతర దుకాణంల గన్‌కు స్ప్రింగ్ పోయి ఉంటది, బెలూన్ పగిలితే అదే గొప్ప. ఇంటికాడి గన్ అట్ల కాదు. కోతుల ముచ్చట మాత్రం ఒప్పుకోను. ప్రాణం మీద గురి నేర్చిన పోరడు తెల్లారి గువ్వను చూస్తడు, ఎల్లుండి నెమలిని చూస్తడు. నెమలి 1972 వన్యప్రాణి చట్టంల షెడ్యూల్ 1ల, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితల ఉన్నది, కేసైతే తాత మెడకు చుట్టుకుంటది. ఇంకోటి, కోతి ఒక్క తాన నిలబడదు. దాని ఎంబడి గన్ తిప్పుకుంట పోతె మూతి అటు పక్కింటి వాకిట్లకు పోతది, ఇటు చెల్లె మీదికి వస్తది. కాగితం కదలదు. అందుకే కాగితం.

కంటి దవాఖాన సిస్టర్:

నేను వరంగల్‌ల కంటి దవాఖానల పని చేస్తున్న, ఒక్క మాట చెప్పి పోత. కాల్చేటోనికి అద్దాలు, పక్కన నిలబడి చూసేటోళ్ళకు గూడ అద్దాలు. మామూలు చూపు అద్దాలు కాదు, పాలికార్బనేట్ సేఫ్టీ గ్లాసెస్, హార్డ్‌వేర్ షాపుల వెల్డింగ్ సామాన్ల పక్కన దొరుకుతయి, పిల్లల సైజు అడుగుండ్రి, పెద్దోళ్ళవి ముక్కు మీది నుంచి జారుతయి. ఒక బాబును తీసుకొచ్చిండ్రు, తొమ్మిదేండ్లు, వాళ్ళ అన్న గోడకు బాటిల్ పెట్టి కాల్చిండు, వీడు అన్న వెనకనే నిలబడ్డడు. వెనకనే. గుండు గోడకు తాకి తిరిగొచ్చింది. ఆ కన్ను నిలబడలే.

ఇంకోటి ఎవ్వరు చెప్పరు. ఆ గుండ్లు సీసం. మా ఊర్ల పెద్దమనుషులు గుండ్లు నోట్ల పెట్టుకొని ఒక్కొక్కటి తీసి కాలుస్తరు, చెయ్యి ఖాళీగ ఉంటదని. అది చూసి పిల్లలు గూడ పెట్టుకుంటరు. సీసం ఒంట్ల చేరితే పిల్లలకు పెద్దోళ్ళ కన్న ఎక్కువ నష్టం, మెదడు మీద పని చేస్తది. కాల్చుడు అయినంక సబ్బుతోని చేతులు కడుక్కున్నంకనే ఏదన్న తినాలె, అరుగు మీద అన్నం తినే కాడ గుండ్ల డబ్బా పెట్టొద్దు.

షూటర్ అమ్మ, హనుమకొండ:

మా పాప రెండేండ్లు ఎయిర్ పిస్టల్ నేర్చుకుంది అండి. వారం వారం హైదరాబాద్ తిప్పడం, బస్సు, పొద్దున్నే లేవడం, అన్నీ చూశాను. అక్కడి పిల్లలందరికీ ఈషా సింగ్ పేరు చెప్తే చాలు కళ్ళు మెరుస్తాయి, హైదరాబాద్ అమ్మాయి, 2018లో 13 ఏళ్ళకే పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో నేషనల్ ఛాంపియన్ అయ్యింది, మీ మనవడు చూసిన పారిస్‌కి కూడా వెళ్ళింది. గగన్ నారంగ్ కూడా మన హైదరాబాదే, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం. కాబట్టి మీ బాబుకి నిజంగా ఇష్టం ఉంటే నెల తర్వాత ఒకసారి రేంజ్‌కి తీసుకెళ్ళండి, వాళ్ళు ఎలాగూ హైదరాబాద్‌లోనే ఉంటారు కదా. కోచ్ ఉంటే సగం చెడ్డ అలవాట్లు మొదట్లోనే పోతాయి.

కానీ నేను రాయాలనుకున్నది అది కాదు. మీ కోడలు వద్దంటోంది అన్నారు. ఆమెకి షూటింగ్ అంటే భయమా, లేక మీ ఇంట్లో ఆ గన్ ఎక్కడ ఉంటుందో తెలుసు కాబట్టి భయమా? కోతుల కోసం అంటే చేతికి అందేలా ఉండాలి, అంటే తలుపు పక్కన నిలబెట్టి ఉంటుంది, అంటే గుండు కూడా పెట్టే ఉంటుంది. తప్పుగా అనుకోకండి బాబాయ్ గారూ, మా మామయ్య గారు అచ్చం అలాగే పెట్టేవారు, అందుకే అడుగుతున్నా.

పరకాల తాత:

అమ్మా, నీ మాట చదివినంక ఫోన్ పక్కన పెట్టి లేసిపోయిన. తలుపు వెనక్కే ఉన్నది. గుండు లేదనే అనుకున్న, ఎందుకంటె మొన్న ఆదివారం సంధి కోతులు రాలే. బ్యారెల్ విరుద్దామని పడితె ఎప్పటి లెక్క గట్టిగ లేదు, లూజుగ కిందికి వచ్చింది. అప్పుడు అర్థమైంది, స్ప్రింగ్ ఎక్కిచ్చే ఉన్నది. చూస్తె లోపల గుండు. నాలుగు రోజుల సంధి అట్లనే నిలబడ్డది. మా ఆమె రోజు ఆ తలుపు కాడ్నే కూసోని బియ్యం ఏరుతది.

బయటికి తీస్కపోయి ఇసుక కుప్పల కాల్చి ఖాళీ చేసిన. బీరువల పెట్టి తాళమేసిన, గుండ్ల డబ్బా వేరే, దేవుని అర్రల పైన. కోతులకు మళ్ళ పటాకులే, ఏం చేస్త. కోడలికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పిన. కొంచెం సేపు ఏం మాట్లాడలే, తర్వాత "మామా, మేం వచ్చినంక నేను గూడ పక్కన నిలబడ్త, నాక్కూడ నేర్పుతవా" అన్నది. నేను అనుకోలే.

ఒక డౌటు. మనుమడు కుడిచేతి వాటమే కాని ఫోన్‌ల ఆట ఆడేటప్పుడు కుడి కన్ను మూస్తడు. ఇది గురికి ఇబ్బందా?

కాజీపేట రైఫిల్:

ఇబ్బంది కాదు కాకా, తెల్సుకోవాలె అంతే. వాని రెండు చేతులు ముంగటికి చాపి, వేళ్ళ మధ్యల చిన్న మూడుమూలల సందు చెయ్యమనుండ్రి. ఆ సందుల నుంచి దూరంగ ఉన్న బాయి మోటర్ డబ్బానో, కరెంటు స్తంభమో రెండు కండ్లతోని చూడమనాలె. తర్వాత ఒక్కొక్క కన్ను మూయమనుండ్రి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు స్తంభం సందులనే కనపడ్తదో అది వాని గట్టి కన్ను. ఎడమది గట్టిదైతే ఎడమ భుజం మీద పెట్టి నేర్పి చూడుండ్రి, కొత్తగ మొదలు పెట్టేటోడు కాబట్టి తొందరగ అలవాటైతది. కుడి భుజమే కావాలంటె అద్దాల మీద ఎడమ కన్ను కాడ పాల రంగు టేపు ముక్క అంటియ్యుండ్రి. కన్ను గట్టిగ మూసి కాల్చుడు వద్దు, పది గుండ్లకే మొకం నొప్పి వెడ్తది.

ఊపిరి గూడ చెప్పుండ్రి. గుంజుకొని, సగం వదిలి, ఆపి, ట్రిగ్గర్ మెల్లగ. ఆరేడు సెకండ్ల కన్న ఎక్కువ ఆపితే చెయ్యి వణుకుతది. అప్పుడు కాల్చకుండ గన్ దించుడు నేర్చుకుంటె సగం షూటర్ అయినట్టే.

పరకాల తాత:

పది రోజులైంది, ఏమైందో చెప్దామని రాస్తున్న. ఎడమ కన్నే గట్టిది. ఎడమ భుజం మీద పెట్టినంక వాడే ఆశ్చర్యపోయిండు. మొదటి మూడు రోజులు గుండు ఇయ్యలే, నాలుగోనాడు ఐదు గుండ్లు, రెండు కార్డుకే తాకలే, మూడు తాకినయి. రోజుకు ఇరవై గుండ్ల కన్న ఎక్కువ ఇస్తలేను. కోడలు గురి అందరికన్న మంచిగున్నది, ఇది మా కొడుకుకు నచ్చుతలేదు.

మనుమరాలికి ఈల ఇచ్చినం, స్టాప్ చెప్పే పని ఆమెదే. మొన్న నేను బొక్కలు చూద్దామని మర్చిపోయి గీత దాటిన, బ్యారెల్ ఇంక విరవలే. ఈల ఊదింది చూడు, పక్క చేన్ల పత్తి కట్టె పీకేటోళ్ళు గూడ ఆగి చూసిండ్రు. ఆ పూటంత నన్ను కాల్వనియ్యలే.

పెండ్లి కార్డులు అయిపోయినయి. పరకాల, హనుమకొండ పక్క ఎవ్వలింట్లన్న పాతవి మిగిలి ఉంటె పారెయ్యకుండ్రి, నేనే వచ్చి తీస్కపోత.