అప్‌డేట్: ట్రైనర్‌కి చెప్పేశాను

సెట్ల మధ్య ఫోన్ చూసుకుంటూ, మోకాలు నొప్పంటే "అలవాటైపోతుంది అక్కా" అనే పర్సనల్ ట్రైనర్‌ని ఎలా వదిలించుకోవాలని పోయిన నెల అడిగాను కదా. మీరన్నట్టే వాట్సాప్‌లో కాకుండా ఎదురుగానే చెప్పాను. రాత్రంతా వల్లె వేసుకున్న మాటలన్నీ గొంతులోనే ఆగిపోయి, "తమ్ముడూ, నాకు కుదరట్లేదు, రేపట్నుంచి రాను" అని మాత్రం వచ్చింది. "సరే అక్కా" అన్నాడు. అంతే! దీనికా నేను మూడు వారాలు నిద్ర పాడుచేసుకుంది?

అసలు తంటా డబ్బుల దగ్గర. 24 సెషన్లలో 9 మిగిలాయి. మేనేజరేమో రసీదు వెనకున్న 'నో రిఫండ్' చూపించాడు. గంటసేపు వాదిస్తే వేరే ట్రైనర్‌కి మార్చారు. ఈవిడ మొదటిరోజు బరువులు ముట్టనివ్వలేదు, కుర్చీలో కూర్చుని లేవమంది. లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలుతున్నాయట. పదిహేను సెషన్లలో అతనికి కనబడలేదు మరి!

ఇప్పుడు అతను ఎదురుపడితే ఇద్దరం నీళ్ల ఫిల్టర్ వైపు చూస్తున్నాం.