రిజిస్టర్ కాని వీలునామా, అన్న లాయర్ నోటీసు పంపాడు, ఏం చెయ్యాలి?

తెనాలి అమ్మాయి:
అందరికీ నమస్కారం అండి. కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. మా నాన్నగారు కిందటేడు చనిపోయారు, టీచరుగా రిటైరయ్యారు. తెనాలిలో ఇల్లు ఆయన జీతం డబ్బుల్తో స్థలం కొని కట్టిందే, ఇంకా తాతగారి నుంచి వచ్చిన ఎకరంన్నర మాగాణి, బ్యాంకులో ఎఫ్‌డీ ఉన్నాయి, ఎఫ్‌డీకి నామినీ నేనే. 2016లో వీలునామా రాశారు అన్నీ నాకే అని, అమ్మ ఉన్నంతకాలం ఆ ఇంట్లోనే ఉండాలని. రిజిస్టర్ చేయించలేదు, తర్వాత చూద్దాంలే అన్నారు, అదలాగే ఉండిపోయింది. సాక్షులు ఇద్దరు, నాన్నగారి తోటి మాస్టారు ఒకరు, ఎదురింటి అంకుల్ ఒకరు, అంకుల్ కోవిడ్‌లో పోయారు. అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు, ఇప్పుడు సగం వాటా ఇవ్వాలి, వీలునామా దొంగది, అసలు ప్రొబేట్ లేకపోతే ఏ వీలునామా చెల్లదు అని నోటీసు పంపించాడు. పదిహేను రోజుల్లో జవాబివ్వాలంట. ప్రొబేట్ అంటే ఏంటో కూడా నాకు తెలీదు, అమ్మ అన్నం కూడా సరిగ్గా తినట్లేదు.

శ్రీను:
రిజిస్టర్ కాకపోతే చిత్తుకాగితమే అక్కా, ఎంతో కొంత ఇచ్చి సెటిల్ చేసుకోండి.

ప్లీడరు గుమాస్తా (రిటైర్డ్):
శ్రీను బాబూ, తెలిసి చెబుతున్నావా? అమ్మా, నేను లాయర్ని కాదు, ముప్పై ఏళ్ళు ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా చేశాను, ఇలాంటి దావాల కట్టలు మోసి మోసి తెలిసిందే చెప్తున్నా. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే అది ఇష్టమైతే చేయించుకునే వాటిల్లో ఉంది. రాసినాయన పోయాక కూడా రిజిస్ట్రారు దగ్గర పెట్టొచ్చు, ఆయన విచారించి చేస్తాడు, కానీ చేసినంత మాత్రాన కోర్టులో రుజువైపోయినట్టు కాదు. ప్రొబేట్ అంటే వీలునామా అసలైందేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, అది తప్పనిసరి అన్న రూలు మద్రాసు, బొంబాయి, కలకత్తాల వైపు ఉండేది, 2025లో చట్టం మార్చి అక్కడా తీసేశారు, మన గుంటూరు జిల్లా ఇంటికీ పొలానికీ అది ఎప్పుడూ లేదు. మీ అన్న పార్టిషన్ సూట్ (వాటాలు పంచమనే దావా) వేస్తే అందులోనే వీలునామా చూపించి రుజువు చేసుకోవాలి.

నీ కేసు ప్రొబేట్ మీద కాదు, ఆ మాస్టారి మీద నిలబడుతుంది. ఆయన ఎలా ఉన్నారు, ఎక్కడున్నారు, అది చెప్పు ముందు.

ఎడిసన్ నుంచి:
వాళ్ళన్నయ్య ప్రొబేట్ అంటున్నాడంటే ఇక్కడ న్యూజెర్సీలో ఎవరో అటార్నీని, అంటే లాయర్ని, అడిగుంటాడు. న్యూజెర్సీలో మనిషి పోయాక వీలునామాని కౌంటీ సరోగేట్ కోర్టుకి (జిల్లాలో వీలునామాల సంగతి చూసే కోర్టు) తీసుకెళ్ళి ప్రొబేట్ చేయిస్తారు, అదీ పోయిన పది రోజుల దాకా చెయ్యరు. రాసేటప్పుడే సాక్షులు నోటరీ ముందు అఫిడవిట్ ఇచ్చి ఉంటే మళ్ళీ వాళ్ళని పిలవక్కర్లేదు. ఈ తలనొప్పి ఎందుకని మావాళ్ళు చాలామంది లివింగ్ ట్రస్ట్ (బతికుండగానే ఆస్తిని ట్రస్టు పేర పెట్టడం) రాసుకుంటారు. కానీ తెనాలి ఇంటికి ఇక్కడి పద్ధతి పనికిరాదు కదండీ, స్థిరాస్తి ఎక్కడుంటే అక్కడి చట్టమే.

తెనాలి అమ్మాయి:
థాంక్స్ ఎడిసన్ అన్నయ్యా. బాబాయ్ గారూ, మాస్టారికి 81, రేపల్లెలో కొడుకు దగ్గర ఉంటున్నారు, మతి బాగానే ఉంది కానీ నడవలేరు. ఇంకోటి, దాచకుండా చెప్తున్నా, ఆరోజు నాన్నగార్ని దస్తావేజు లేఖరి దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళింది నేనే. అది తప్పా?

ప్లీడరు గుమాస్తా (రిటైర్డ్):
తప్పు కాదమ్మా, కానీ అవతలి లాయరు పట్టుకునేది దాన్నే. ఆస్తి ఎవరికి వస్తుందో వాళ్ళే దగ్గరుండి రాయించారంటే అనుమానం అంటారు, ఆ అనుమానం తీర్చే బాధ్యత వీలునామా చూపించిన వాళ్ళదే, సుప్రీంకోర్టు 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు, ఆటో సంగతి దాచి దొరికిపోతే మిగతా నిజం కూడా ఎవరూ నమ్మరు. కొడుక్కి ఎందుకు ఇవ్వలేదో వీలునామాలో రాశారా?

తెనాలి అమ్మాయి:
రాశారండి, చదువుకీ అమెరికా పంపడానికీ ఖర్చు పెట్టాను, అది వాడి వాటా కింద లెక్క అని.

ప్లీడరు గుమాస్తా (రిటైర్డ్):
ఆ ఒక్క వాక్యం నీకు చాలా బలం. ఇక మాస్టారు, ఇద్దరు సాక్షుల్లో ఒకరు బతికుంటే ఆయన్ని బోనెక్కించి తీరాలి. మీ నాన్నగారు నా ముందు సంతకం పెట్టారు, ఆయన ఎదుటే నేనూ, ఎదురింటాయనా సాక్షి సంతకాలు పెట్టాం అని చెప్పాలి, లోపల ఏం రాశారో తెలియక్కర్లేదు. నడవలేరు కాబట్టి ఇంటికే అడ్వకేట్ కమిషనర్ని (సాక్ష్యం రాసుకోడానికి కోర్టు నియమించే లాయరు) పంపమని అడగొచ్చు, వయసు చూపించి తొందరగా సాక్ష్యం తీసుకోమని పిటిషన్ కూడా వెయ్యొచ్చు. పెద్ద ప్రాణం, వాయిదాలు ఆగవు కానీ ఆయన ఆగకపోవచ్చు. ఆయన కూడా పోతే సంతకాల పోలిక మీద పడాలి, అది కష్టం. ఎలాగూ 2016 నాటి చెక్కులు, పెన్షన్ కాగితాలు, నాన్నగారి సంతకం ఉన్నవన్నీ ఒకచోట పెట్టు. ఒరిజినల్‌కి లామినేషన్ మాత్రం చేయించకు తల్లీ, ఒకాయన ఇలాగే చేయించి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

నోటీసుకి జవాబులో వీలునామా తారీఖుతో సహా చెప్పాలి, ఇప్పుడు ఊరుకుని కోర్టులో మొదటిసారి బయటపెడితే నిన్న మొన్న పుట్టించారంటారు.

శ్రీను:
సారీ బాబాయ్, నాకూ ఇప్పుడే తెలిసింది. మరి పొలం?

ప్లీడరు గుమాస్తా (రిటైర్డ్):
పొలం తాతగారి సొంత సంపాదనై, ఆయన 1956 తర్వాత పోయి మీ నాన్నకి వచ్చి ఉంటే మీ నాన్న ఇష్టం. పిత్రార్జితం ఉమ్మడిదైతే ఆయన వాటా మటుకే రాయగలరు. పాత దస్తావేజులు, అడంగల్ (ఊరి పొలాల రికార్డు) తీసి లాయరుకి చూపించు. ఎఫ్‌డీ బ్యాంకు నీకే ఇస్తుంది, కానీ నామినీ అంటే సొంతదారు కాదు, నీకు హక్కు వచ్చేది వీలునామా వల్లే.

ఇంకో మాట, మీ అన్న సగం ఎక్కడిది? ఇల్లు మీ నాన్న స్వార్జితం కదా, వీలునామా ఓడిపోయినా అమ్మ, నువ్వు, అతను తలా మూడో వంతు. అమ్మని లెక్కలోంచే తీసేశాడు.

తెనాలి అమ్మాయి:
అమ్మకి చదివి వినిపించా, ఏడ్చింది, తర్వాత కాస్త తిన్నది. ఆదివారం రేపల్లె వెళ్తున్నా. మాస్టారికి ఏం చెప్పమంటారు?

ప్లీడరు గుమాస్తా (రిటైర్డ్):
ఏమీ చెప్పకు. వీలునామా జిరాక్స్ చూపించి ఈ సంతకం మీదేనా, ఆరోజు ఏం జరిగిందో గుర్తుందా అని అడిగి ఊరుకో. పళ్ళు పట్టుకెళ్ళు, డబ్బులు మాత్రం వద్దు.