మ్యూజియం ఉద్యోగానికి ఏ ఎంఏ మేలు: కళాచరిత్రా, మ్యూజియాలజీనా?

ఓరుగల్లు_విద్యార్థి: బీఏ హిస్టరీ చివరి ఏడాదిలో ఉన్నాను. మ్యూజియంలోనో ఆర్ట్ గ్యాలరీలోనో పనిచేయాలని కోరిక. కళాచరిత్ర చదివితే ఉద్యోగం రాదు, మ్యూజియాలజీలో చేరమని మా సార్ అంటున్నారు. మీరేమంటారు?

తూర్పుతీరం: మీ సార్ మాటే వినండి. బరోడా ఎమ్మెస్ యూనివర్సిటీలో 1952 నుంచీ మ్యూజియాలజీ విభాగం ఉంది. వస్తువును రిజిస్టర్‌కెక్కించడం, అది ఏ స్థితిలో ఉందో రాయడం, తేమ, వెలుతురు వల్ల పాడవకుండా చూడడం ఆ చదువులో నేర్పుతారు. మ్యూజియంలో రోజూ ఉండే పని అదే.

అమరావతి_రాళ్లు: నేనొప్పుకోనండి. రిజిస్టర్ రాయడం చేరాకైనా వస్తుంది. అందులో ఏం రాయాలో ఎవరు తేల్చాలి? అమరావతి స్తూపం ఫలకాలు కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి. ఏ ముక్క చుట్టూ ఉన్న ప్రాకారానిది, ఏది స్తూపానికి తొడిగినది, ఏ కాలానిది అని చెప్పాలంటే శైలి పట్టుకునే కన్ను కావాలి. బ్రాహ్మీ లిపిలో చెక్కిన ప్రాకృతం చదవడం రావాలి. ఆ ఫలకం చేయించిన దాత ఎవరో తెలిసేది ఆ రెండు మూడు పంక్తుల్లోనే.

2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ కళ మీద ప్రదర్శన పెడితే తెలంగాణలోని బౌద్ధ క్షేత్రం, మన ఫణిగిరి శిల్పాలు వెళ్లాయి. అలాంటి శిల్పం పక్కన పెట్టే నాలుగు వాక్యాల వెనక ఏళ్ల చదువుంటుంది. మన పిల్లలు ఆ చదువు వైపే రాకపోతే మన రాళ్ల గురించి ఎప్పుడూ బయటివాళ్లే రాస్తారు. నా బాధంతా అదే.

తూర్పుతీరం: బాధ న్యాయమైనదే. కానీ క్యూరేటర్ (మ్యూజియం సేకరణను చూసుకునే అధికారి) పోస్టులు ఎన్ని పడతాయండీ? పడినా డిగ్రీతోపాటు అనుభవం అడుగుతారు. ఇల్లు గడవాల్సిన పిల్లలు అంతకాలం ఆగగలరా? మ్యూజియాలజీ చదివితే కనీసం చేతిపని ఉంటుంది.

అమరావతి_రాళ్లు: ఆ ఇబ్బంది ఉంది, కాదనను. అందుకే రెండూ దొరికే చోటు చూడమంటాను. 1989లో ఢిల్లీలో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్‌గా మొదలైన సంస్థ ఇప్పుడు నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌గా నడుస్తోంది. కళాచరిత్ర, సంరక్షణ, మ్యూజియాలజీ ఒకే కప్పు కింద ఉంటాయి. కళాచరిత్రలో చేరి, పక్క విభాగాల వాళ్లతో కలిసి పని నేర్చుకోవచ్చు.

ప్రైవేటు గ్యాలరీ దారి వేరు. ఇప్పటి చిత్రకారులతో, కొనేవాళ్లతో పని. ఈ రెండింట్లో మీ మనసు ఎటుందో ముందు చెప్పండి.

ఓరుగల్లు_విద్యార్థి: పాత శిల్పాల వైపేనండి. బ్రాహ్మీ ఇప్పుడే మొదలుపెట్టొచ్చా?

అమరావతి_రాళ్లు: తప్పకుండా. ముందు అశోకుడి కాలపు అక్షరాలు పట్టుకోండి, తర్వాత శాతవాహనుల కాలపువి.