క్లాసులో టీచర్ పక్కన డిజిటల్ కోచ్ కూర్చోవాలా? సరిహద్దు బడుల వాళ్ళు చెప్పండి

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ, మహారాష్ట్ర):
మాది జడ్పీ ద్విశిక్షకీ బడి, ఐదు తరగతులకు ఇద్దరం. మొన్న శిక్షణ్ పరిషద్‌కి, అదే మా టీచర్ల సమావేశానికి, ఒక సంస్థ వాళ్ళు వచ్చారు. నెలకు రెండుసార్లు ఒక కోచ్ మన క్లాసుకే వచ్చి, పక్కన ఉండి, ఫోన్, టీవీ, ట్యాబ్ పాఠంలో ఎలా కలుపుకోవాలో చూపిస్తారట, ఇష్టమున్నవాళ్ళు పేరివ్వండి అన్నారు. గదిలో ఎవరూ నోరు మెదపలేదు. నేను ఇచ్చాను. బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర తిట్లు తిన్నాను, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

నా సంగతి చెప్తా. ఉద్యోగం కోసం ఎంఎస్‌సీఐటీ అనే కంప్యూటర్ కోర్సు పాసయ్యాను. దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో టీచర్ల శిక్షణకు పెట్టిన నిష్ఠా కోర్సులు చేశాను, సర్టిఫికెట్లు ఫైలు నిండా ఉన్నాయి. 2020 విద్యా విధానం ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంటుంది, నాకు ఎప్పుడూ తక్కువ పడలేదు. కాకపోతే వాటిలో కొన్ని, వీడియో అటు నడుస్తుంటే ఇటు నేను పప్పు తాలింపు పెట్టుకున్న గంటలు. ఇన్ని చేసి క్లాసులో చేసేదేంటంటే, మూడో తరగతి వాళ్ళకు టీవీలో వీడియో పెట్టేసి, ఆ సందులో నాలుగో తరగతికి లెక్కలు చెప్పుకోవడం. వీడియో చూసిన వాళ్ళకు ఏమొచ్చిందో నాకే తెలియదు. మీటలు నొక్కడం వచ్చింది, చేయి మాత్రం తిరగలేదు.

కిన్వట్_సార్:
అన్నా, పేరిచ్చి కొరివితో తల గోక్కున్నావ్.

మన పనులు లెక్కపెట్టు. ఓటరు జాబితా, సర్వేలు, పోర్టల్‌లో పిల్లల ఎంట్రీలు, మధ్యాహ్న భోజనం లెక్క. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప వేరే పనికి టీచర్‌ని పెట్టకూడదు, చట్టం పుస్తకంలో భద్రంగా ఉంది. అశైక్షణిక్ పనులు, అంటే చదువుకు సంబంధం లేనివి, తగ్గించండి మహాప్రభో అని మనం మొత్తుకుంటుంటే నువ్వేమో ఇంకో ఫారం పట్టుకొచ్చేవాణ్ణి పిలుచుకుంటున్నావ్.

మా బడికీ వచ్చాడు ఒకబ్బాయి, పాతికేళ్ళు కూడా ఉండవు. వెనక కూర్చుని 'టీచర్ టెక్నాలజీ వాడారా' అనే గడిలో టిక్కు పెట్టుకున్నాడు. తర్వాత నా చేతికి ట్యాబ్ ఇచ్చి, చుట్టూ పిల్లల్ని నిలబెట్టి ఫోటో. బాబూ ఇందులో ఛార్జింగ్ లేదు, స్క్రీన్ నల్లగా ఉంది అన్నాను. పర్లేదు సార్, ఫోటోలో వెనక వైపే పడుతుంది అన్నాడు. అయిపోయింది కోచింగ్.

అయినా సోలాపూర్ జిల్లా పరితేవాడి బడిలో రణజీత్‌సింహ్ డిసలే గురూజీకి 2020లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది కదా, ఆయన పక్కన ఏ కోచ్ కూర్చున్నాడు చెప్పు?

దెగ్లూర్_టీచరమ్మ:
సార్, డిసలే గురూజీ పేరు ఎత్తారు కాబట్టి మొత్తం చెప్పుకుందాం. ఆ పిల్లల ఇంటి భాష కన్నడ, పుస్తకం వేరే భాష. ఆయన ముందు కన్నడ నేర్చుకుని, పుస్తకాల్ని వాళ్ళ భాషలోకి మార్చి, అప్పుడు ఫోన్‌తో స్కాన్ చేస్తే పాఠం ఆడియో, వీడియో వచ్చే క్యూఆర్ కోడ్‌లు పెట్టారు. అందరూ కోడ్‌నే పట్టుకున్నారు, భాష సంగతి వదిలేశారు. ఇంటి భాష తెలుగు, బడి భాష మరాఠీ అయిన మన దగ్గర మొదట చెప్పుకోవలసింది అదే. అంతటి మనిషి ఎక్కడో ఒకరు ఉంటారు, నాలాంటిదానికి పక్కన ఒకరు నిలబడి చూపిస్తేనే వచ్చింది.

నాకు దొరికిన కోచ్ మాత్రం పదిహేనేళ్ళు బడిలో చెప్పినావిడ. మొదటి రెండుసార్లు ఏమీ రాసుకోలేదు, మీరు కూర్చోండి, నేను చెప్తా అంది. మూడోసారి అడిగింది, మీకు ఈ క్లాసులో విసుగు తెప్పించేది ఏంటని. మా పిల్లలు మరాఠీ చదివితే ఒత్తులు పలకరు, 'ఘర్' అంటే 'గర్' అంటారు, 'భాకరీ' 'బాకరీ' అవుతుంది, ఎన్నిసార్లు దిద్దినా అంతే. ఆవిడ యాప్ ఏదీ చెప్పలేదు. నా ఫోన్‌లో రికార్డర్ తెరిచి ఒక పిల్ల చేత నాలుగు లైన్లు చదివించి, దాని గొంతు దానికే వినిపించింది. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, నేను గర్ అన్నానా టీచర్ అంది. నేను ఆర్నెల్లు దిద్దినా తనకు వినబడని తప్పు అర నిమిషంలో వినబడింది. ఇప్పుడు ఐదో తరగతి వాళ్ళు జంటలుగా రికార్డు చేసుకుని ఒకరి తప్పులు ఒకరు పడతారు, నేను ఆ టైములో మిగతావాళ్ళను చూసుకుంటాను. వీడియో కూడా పెడతాను, కానీ నిమిషానికి ఒకసారి ఆపి, ఇప్పుడేమవుతుందో చెప్పండి అని అడుగుతాను. ఎక్కడ ఆపాలో కూడా ఆవిడ పక్కన కూర్చునే నేర్పింది, ఆన్‌లైన్ కోర్సులో ఉండి ఉంటుందేమో, నాకైతే తలకెక్కలేదు.

గుణుపురం_బీఎడ్:
రాయగడ జిల్లా నుంచి. మా వైపు ఇళ్ళలో తెలుగు, సవర, బడిలో ఒడియా, కాబట్టి గొడవ ఒకటే. నేను బీఎడ్ వాళ్ళకు చెప్తాను కనుక రెండు ముక్కలు. 2018లో క్రాఫ్ట్, బ్లేజర్, హోగన్ అనేవాళ్ళు టీచర్ కోచింగ్ మీద 60 అధ్యయనాలు కలిపి చూశారు. బోధనలో మార్పు 0.49, పిల్లల మార్కుల్లో 0.18 అని తేలింది, ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ అంకెలు ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) లెక్కలో. అంటే టీచర్ బాగా మారినా పిల్లల దగ్గరికి చేరేది అందులో మూడో వంతు పైచిలుకు. ఇవి డిజిటల్ గురించి కాదు, ఎక్కువగా చదవడం నేర్పడం గురించి.

దక్షిణాఫ్రికా వాళ్ళ ప్రయోగం మనకు ఇంకా దగ్గర. అక్కడ కొన్ని బడులకు కోచ్‌లు నేరుగా వెళ్ళారు, కొన్నిటికి ట్యాబ్‌లోనే కోచింగ్. మూడేళ్ళయ్యాక చూస్తే నేరుగా వెళ్ళిన చోట పిల్లల ఇంగ్లిష్ చదువు మెరుగైంది. ట్యాబ్ కోచింగ్‌తో చదవడంలో తేడా రాలేదు సరికదా, పిల్లలు ఇంటి భాషలో చదవడంలో వెనకబడ్డారు. కోచ్ ఖర్చు మిగులుతుందని రేపు వీడియో కాల్‌లో చెప్తాం అంటే ఈ సంగతి గుర్తు చేయండి.

కిన్వట్_సార్:
సరే మేడమ్, రికార్డర్ సంగతి బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ గుణుపురం సార్ ఒకటి వదిలేశారు. ఆ 60 అధ్యయనాల్లోనే, వందమంది, అంతకు మించి టీచర్లున్న పెద్ద కార్యక్రమాల్లో ఫలితం బాగా తగ్గిపోయిందని ఉంది. మేడమ్‌కి దొరికినావిడ లాంటి వాళ్ళు తాలూకాకు ఎంతమంది దొరుకుతారు? పదిమందిని పెట్టేసరికి ఎనిమిది మంది నా ట్యాబ్ అబ్బాయిలే అవుతారు. ఆ మంచి టీచర్‌ని కోచ్ చేస్తే ఆవిడ బడిలో ఎవరు చెప్తారు? ద్విశిక్షకీ బడి ఏకశిక్షకీ అవుతుంది. ముందు మూడో మనిషిని ఇవ్వమనండి, తర్వాత కోచ్.

గుణుపురం_బీఎడ్:
ఆ మాట నిజమే, రాసుండాల్సింది.

ప్రాణహిత_ఒడ్డు:
సార్, మూడో మనిషి కోసం నేనూ మీ వెనకే ఉంటాను. కానీ చట్టం లెక్కలో 60 మంది పిల్లల దాకా ఇద్దరే, మా బడిలో అంతకంటే తక్కువే ఉన్నారు, నేను రిటైరయ్యేదాకా ఆ మనిషి రాడు. అందుకని ఆ సంస్థకు ఫోన్ చేసి మూడు విషయాలు అడిగాను. వచ్చే మనిషి బడిలో చెప్పినవాళ్ళే అయుండాలి, ముందు తనే ఒక క్లాసు చెప్పాలి, అదీ మూడు, నాలుగు తరగతులు కలిపి కూర్చోబెట్టి. నా గురించి రాసుకున్నది నాకు చూపించకుండా పైకి పంపకూడదు. ఫోటోలు వద్దు. మొదటి రెండూ సరే అన్నారు, మూడోదానికి, ఫోటో లేకపోతే మాకు నిధులు ఇచ్చేవాళ్ళు ఊరుకోరు సార్ అన్నారు. చివరికి నెలకు ఒక్కటి, ట్యాబ్ ఆన్‌లో ఉంటేనే, అన్న దగ్గర తెగింది.

కిన్వట్_సార్:
ట్యాబ్ ఆన్‌లో ఉంటేనే! దండం అన్నా నీకు. రెండు నెలలయ్యాక ఇక్కడే రాయి, మంచైనా చెడైనా. టీచరమ్మ గారూ, ఆ రికార్డర్‌కి నెట్ కావాలా? మా బడిలో సిగ్నల్ కావాలంటే వేపచెట్టు కింద ఒక్కచోటే నిలబడాలి.

దెగ్లూర్_టీచరమ్మ:
నెట్ అక్కర్లేదు సార్, ఫోన్‌తో వచ్చిన మామూలు రికార్డరే. ఇయర్‌ఫోన్ మాత్రం ఇవ్వకండి, ఒకటే ఉంటుంది, కొట్టుకుంటారు. స్పీకర్‌లో పెట్టి గది మూలకు పంపించండి.