కీ ఉంటే రూట్ లాగిన్ ఫర్వాలేదా, సుడో తప్పదా?

బెళ్ళందూరు బాబు: మాది చిన్న టీమ్, నలుగురం. లైనక్స్ సర్వర్లలోకి అందరం రూట్ గానే, అంటే అన్ని హక్కులూ ఉన్న అకౌంట్‌తోనే, ఎవరి కీతో (పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య ఫైల్) వాళ్ళం ఎస్ఎస్‌హెచ్ అవుతాం, అంటే దూరం నుంచి లాగిన్ అవుతాం. పాస్‌వర్డ్ లాగిన్ లేదు. ఇప్పుడు ఆడిటర్ గారు రూట్ మూసేసి, తలా ఒక అకౌంటూ, అవసరమైనప్పుడు రూట్ హక్కుతో కమాండ్ నడిపే సుడో ప్రోగ్రామూ ఇమ్మంటున్నారు. కీ ఉండగా ఈ తంటా ఎందుకండీ?

కోరమంగల కాకి: ఆయన చెప్పింది కరెక్టే. రాత్రి ఎవరో డేటాబేస్ చెరిపేస్తే లాగ్‌లో (సర్వర్ రాసుకునే రికార్డు) కనిపించేది రూట్ ఒక్కటే. పొద్దున నలుగురూ "నేను కాదు" అంటారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, ఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి. ఆ 6 గంటలూ ఎవరు చేశారో వెతకడానికే సరిపోతాయి.

మడివాళ మామ: అలా ఏం కాదు. ఏ కీతో లోపలికొచ్చారో దాని ఫింగర్‌ప్రింట్‌ని (కీని గుర్తుపట్టే చిన్న కోడ్) ఓపెన్ఎస్ఎస్‌హెచ్, అంటే ఈ లాగిన్లు నడిపే సాఫ్ట్‌వేర్, లాగ్‌లో రాస్తుంది. 2015లో 7.0 వెర్షన్ వచ్చినప్పటి నుంచి దాని డిఫాల్టే "ప్రొహిబిట్-పాస్‌వర్డ్": రూట్‌కి పాస్‌వర్డ్ కుదరదు, కీ అయితే సరే. సుడో మాత్రం పులు కడిగిన ముత్యమా? 2021 జనవరిలో బయటపడ్డ బారన్ సమెడిట్ లోపం దాదాపు పదేళ్ళు అందులోనే ఉంది. సుడో హక్కు లేని మామూలు యూజర్ కూడా దాంతో రూట్ అయిపోవచ్చు.

కోరమంగల కాకి: ఎవరొచ్చారో తెలిస్తే చాలా మామా? వచ్చి ఏం చేశారో సుడో రాస్తుంది.

మడివాళ మామ: "సుడో -ఐ" కొట్టి రూట్ షెల్‌లో (కమాండ్లు కొట్టే చోటు) కూర్చున్నాక ఏం రాస్తుంది? మీ ఆఫీసులో అందరూ చేసేది అదే, పందెం. పైగా సుడో పాస్‌వర్డ్ అడగకుండా నోపాస్‌వర్డ్ పెట్టుకుంటారు. అప్పుడు ఆ అకౌంట్‌కీ రూట్‌కీ తేడా పేరే.

కోరమంగల కాకి: నోపాస్‌వర్డ్ విషయంలో మీదే గెలుపు, అది తీసేయాల్సిందే. లాప్‌టాప్ దొంగ చేతికి కీ చిక్కినా సుడో పాస్‌వర్డ్ చిక్కకూడదు. షెల్‌లో జరిగేది కూడా కావాలంటే సుడోలోనే తెర మీద వచ్చేది రికార్డు చేసే లాగ్-అవుట్‌పుట్ ఉంది, ఆన్ చేసుకోవాలి.

హెబ్బాళ హనుమ: బాబు గారూ, వీళ్ళ పోరు తెగదు గానీ, పాస్‌వర్డ్ లాగిన్ లేదని ఎలా చెప్తున్నారు? సెట్టింగుల ఫైల్ చూసి చెప్తే నేను నమ్మను. ఎస్ఎస్‌హెచ్‌డీ (సర్వర్ వైపు నడిచే ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రామ్) కాన్ఫిగ్‌లో ముందు కనిపించిన విలువే చెల్లుతుంది. ఉబుంటులో పక్క డైరెక్టరీ ఫైళ్ళు మొదటే చేరతాయి, క్లౌడ్ సర్వర్లలో అక్కడ క్లౌడ్-ఇనిట్ (సర్వర్‌ని మొదట సెట్ చేసే ప్రోగ్రామ్) ఫైల్ ఒకటి పాస్‌వర్డ్‌కి "యస్" అని పెట్టి ఉండొచ్చు. మీరు కింద "నో" అని రాసినా దండగే. "ఎస్ఎస్‌హెచ్‌డీ -టీ", పెద్ద టీ, కొట్టండి. నిజంగా అమల్లో ఉన్నది చూపిస్తుంది. చిన్న టీ అయితే తప్పులు మాత్రం చూస్తుంది. మార్చేటప్పుడు పాత సెషన్ మూయకుండా ఇంకో విండోలో లాగిన్ అయి చూడండి, లేకపోతే టెన్షన్ మీకే.

నన్నడిగితే రూట్ మూయండి. దానికన్నా ముందు ఫైడో కీలు (యూఎస్‌బీలో పెట్టుకునే లాంటి చిన్న పరికరాలు) కొనండి, 8.2 వెర్షన్ నుంచి ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో పనిచేస్తాయి. వేలు తాకిస్తే గానీ లాగిన్ అవదు, ఫైల్ కాపీ కొట్టినంత మాత్రాన పని జరగదు.

బెళ్ళందూరు బాబు: నాలుగు కీలంటే మేనేజర్ ఒప్పుకోవచ్చు.

హెబ్బాళ హనుమ: ఎనిమిది అడగండి. తలా ఒక స్పేర్ ఉండాలి.

మడివాళ మామ: అప్పుడు రూట్‌కే ఆ ఫైడో కీ పెట్టుకోవచ్చుగా!