బుగ్యాల్‌లలో గుడారాలు వద్దనడం న్యాయమేనా?

కర్నూలు_నడక: హిమాలయాల్లో చెట్లు ఆగిపోయిన ఎత్తున మొదలయ్యే పచ్చిక బయళ్లను బుగ్యాల్ అంటారు. వాటిలో రాత్రి బస చేయకూడదు, పర్యాటకులు 200 మందికి మించకూడదు అని ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 ఆగస్టులో చెప్పింది. దాంతో నేను అనుకున్న రూప్‌కుండ్ ట్రెక్ పోయింది. కట్టిన అడ్వాన్సులో సగం కూడా తిరిగి రాలేదు. చెత్త వేసేవాళ్లకు ఫైన్ వేయండి, నడిచేవాళ్లను ఆపడమేంది?

లంకమల_కడప: చెత్త ఒక్కటే కాదు సార్. మీ రూప్‌కుండ్ దారిలోని బేదిని, ఆలీ బుగ్యాల్‌లు ఉన్నది దాదాపు 3,300 మీటర్ల ఎత్తున. చలికాలమంతా మంచు కిందే. గడ్డి బాగా పెరిగేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అంతే. గుడారంలోకి వాననీళ్లు రాకుండా చుట్టూ చిన్న కాలువ తవ్వుతారు చూడండి, తర్వాతి వానకు అదే గండి అవుతుంది. కంచరగాడిదలు తొక్కిన దారి వెంట నీళ్లు దిగి నల్లమట్టి కొట్టుకుపోతుంది, కింద గులకరాళ్లు తేలతాయి. ఉత్తరకాశీ దగ్గర దయారాలో అట్లా కోసుకుపోయిన చోట కొబ్బరిపీచు చాపలు పరిచి మట్టిని నిలబెట్టాల్సి వచ్చింది.

కర్నూలు_నడక: 3,300 దగ్గర చెట్లు ఉంటాయి. లెక్క సరిగ్గా చెప్పండి.

లంకమల_కడప: వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. దానికి తోడు ఎండ తగిలే వాలు, గాలి, మంచు నిలిచే తీరు. అందుకే చెట్లు ఒక్కోచోట ఒక్కో ఎత్తున ఆగుతాయి. అక్కడ సుమారు 3,300 నుంచి 3,600 మధ్య.

కర్నూలు_నడక: అంటే 3,300 అని ఖాయంగా చెప్పలేం కదా. నేనూ అదే అంటున్నా.

చిత్రావతి: ఇద్దరూ టేపు పట్టుకుని పోయి కొలిచి రాండప్పా.

మంద_అనంత: ఆ ఆర్డర్‌లోనే వ్యాపారానికి పశువులను మేపొద్దని కూడా ఉంది. స్థానిక కాపరులకు మాత్రం వదిలారు. మంచిపని చేశారు. అదే ఉత్తరాఖండ్‌లోని పూలలోయను (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) 1982లో నేషనల్ పార్కు చేసి మేపు ఆపేశారు. ఆ తర్వాత పొడవాటి కలుపు లేచి చిన్న పూలమొక్కలను కప్పేస్తుంటే మనుషులను పెట్టి పీకిస్తున్నారు. మేపు ఆపడం వల్లే అని కొందరు, కాదని కొందరు. శాస్త్రవేత్తలే తేల్చుకోలేదు. ఇక్కడ మాత్రం గొర్రె కనిపిస్తే చాలు, తీర్పు రెడీ.

లంకమల_కడప: గొర్రెలూ మేకలూ తక్కువ చేశాయా అన్నా? మన గుట్టలు ఊరికే బోడి అయ్యాయా?

మంద_అనంత: బొగ్గు బట్టీలు, గనులు, వంటచెరకు మోపులు... ఇవేవీ మీ నోట రావు! మేకలు అడవి హద్దు దాటాయని మా నాయన వాటిలోనే రెండింటిని అమ్మి ఫైన్ కట్టినాడు. అదే వారం జీపుల్లో వచ్చినవాళ్లు బిర్యానీ పొట్లాలు, సీసాలు పారేసి పోతే పేరు అడిగిన దిక్కు లేదు. కోతలయ్యాక కె.సి. కెనాల్ కింద రైతులు ఎరువు కోసం మంద తోలమని మమ్మల్నే బతిమాలతారు. చేలో ఉంటే గొర్రె లక్ష్మి, కొండెక్కితే దొంగ.

కర్నూలు_నడక: నేను సీసాలు పారేయలేదు. నన్నెందుకు కలుపుతారు?

మంద_అనంత: మిమ్మల్ని అనలేదు సార్. మీకు పోయింది అడ్వాన్సు. కాపరికి పోయేది ఆర్నెల్ల మేత. రెండూ ఒకటే అంటే ఎట్లా?

లంకమల_కడప: ఎవరి కష్టం ఎంతన్నది వేరే మాట. ఎన్ని కాళ్లు పడ్డాయన్నదే నా లెక్క.

కర్నూలు_నడక: అట్లయితే నందాదేవి రాజ్‌జాత్ అనే అక్కడి అమ్మవారి యాత్రకు వేలమంది బేదిని మీదుగానే పోతారు. భక్తుల కాళ్లు బరువుండవా?

లంకమల_కడప: దానికీ లెక్క ఉండాలంటాను.

చిత్రావతి: ఈ మాట అహోబిలం తిరునాళ్లలో మైకు పట్టుకుని చెప్పన్నా, చూస్తాం 😀

మంద_అనంత: లెక్క పెట్టేది మీరు, ఆగాల్సింది మేము. హద్దురాళ్లు పాతే రోజు మంద కాసేవాణ్ణి ఒక్కణ్ణి పిలిచి ఏ వాలులో ఎప్పుడు మేత ఉంటుందో అడిగినారా? నాకు కావాల్సింది దానికి జవాబు. 3,300 కాదు.

లంకమల_కడప: అడగలేదు, నిజమే. అడిగినా సంఖ్య మాత్రం తగ్గించాల్సిందే.

మంద_అనంత: చూశారా, అడగకముందే జవాబు వచ్చేసింది.